ఏడో నంబరు బస్సు

ఫిబ్రవరి 3, శనివారం

ఎమర్జెన్సీలో ఈరోజు ఆరుగురితో మాట్లాడాను. తాగి దెబ్బలు తగిలించుకుని వచ్చినవాళ్లతో, కుట్లు పడ్డాక, పది నిమిషాలు మాట్లాడడమే నా ఉద్యోగం. తిట్టకూడదు. నీతులు చెప్పకూడదు. అడగాలి, వినాలి.

ఆఖరివాడు ఆర్విడ్ నీమి. అరవై దాటాయి. మా డులూత్ ఊరి మంచులో మెట్ల మీద జారి కనుబొమ చీరుకుపోయింది. తాగుడు తగ్గించాలని పదిలో ఎంత ఉందని అడిగితే, "మూడు వేసుకోమ్మా" అన్నాడు. రెండు కాకుండా మూడెందుకన్నాను. "పొద్దున్నే స్టీరింగ్ మీద చేతులు వణుకుతున్నాయి. వెనక పిల్లలుంటారు" అన్నాడు.

స్కూలు బస్సు. ఏడో నంబరు.

నా కూతురు టిల్డా ఎక్కేది అదే. ఆ వేళకి నేను డ్యూటీలో ఉంటాను, డ్రైవర్ మొహం ఎప్పుడూ చూడలేదు.

వణుకు ఆగడానికి పొద్దున్నే ఏమైనా వేసుకుంటున్నాడా అని అడగాలి. నోరు రాలేదు. నా ఫోన్ నంబరున్న కార్డు చేతిలో పెట్టి, బుధవారం ఫోన్ చేస్తానని చెప్పి పంపేశాను.

ఫిబ్రవరి 4

సూపర్‌వైజర్ బ్రెండాకి చెప్పాను. అడగని ప్రశ్నకి జవాబు నువ్వే ఊహించుకుని ఎవరికి కంప్లయింట్ చేస్తావంది. ముందు అతన్నే అడగమంది. నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఫిబ్రవరి 5

టిల్డాని కారులో దింపాను. డ్యూటీకి లేటు.

ఫిబ్రవరి 6

మళ్లీ కారే. పక్కింటి లోయిస్, "ఏంటీ, మహారాణిగారికి బస్సు పనికిరాదా?" అని టిల్డాని ఆటపట్టించింది. ఆమె పిల్లలిద్దరూ అప్పుడే ఏడో నంబరు ఎక్కుతున్నారు. స్టీరింగ్ దగ్గర ఆర్విడ్, కనుబొమ మీద పట్టీ. నన్ను గుర్తుపట్టాడు. కారులో ఉన్న టిల్డా వైపు చూసి, బస్సు తలుపు మూసేశాడు.

నా పిల్లని తప్పించాను. లోయిస్ పిల్లల్ని ఎక్కనిచ్చాను. రోజంతా ఏ పేషెంట్ మాటా చెవికెక్కలేదు.

ఫిబ్రవరి 7, ఉదయం 6:10

అతనే ఫోన్ చేశాడు. "నిన్న మీ పాపని ఎందుకు ఎక్కించలేదో నాకు తెలుసమ్మా."

ఈసారి అడిగాను.

"రెండు గుక్కలు. వణుకు ఆగడానికి. ఈరోజూ పోసుకున్నాను. ఇంకా తాగలేదు."

ఒక్కసారిగా ఆపితే ఒంటికి ప్రమాదం, హాస్పిటల్‌కి రండి, నేనక్కడే ఉంటానన్నాను. ముందు డిపోకి మీ నోటితోనే చెప్పండన్నాను. "లైన్లో ఉండు తల్లీ" అని ఇంట్లో ఇంకో ఫోన్ అందుకున్నాడు. నాకు వినిపిస్తూనే ఉంది. "ఈరోజు నేను బండి తియ్యను. ఎందుకంటే..."



"తాగుతున్నాను" అన్నాడు.

మధ్యాహ్నం వార్డులో చేరాడు.

ఫిబ్రవరి 12

కొత్త డ్రైవర్. టిల్డాని ఎక్కించాను. బడి గేటు దాకా బస్సు వెనకే కారు నడిపాను.