బావ పేరు, నా గొంతు

పెద జాలారిపేట,
శుక్రవారం

అక్కా,

కాగితం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మ కూడా అలాగే అడిగింది, "ఏటిరా గుంటడా, ఫోనుకేటయింది? మా కాలంలోనే నాను ఉత్తరం ముట్టుకోనేదు" అని. కవరులో చుట్టి అమ్మ చేపల గంప అడుగున పెడుతున్నాను. కూర్మన్నపాలెం చేరేసరికి వంజరం వాసన కొడుతుంది, ఓర్చుకో. ఫోను చేస్తే బావ పక్కనే ఉంటాడు. మెసేజ్ పెడితే నీకంటే ముందు ఆయన చూస్తాడు. అదీకాక, రెండేళ్లుగా నేను టైపు చేసిన ప్రతి మాట మీదా ఆయన పేరే పడింది. ఈ ఒక్కటైనా నా సంతకంతో పోవాలి.

తిప్పితిప్పి చెప్పడం నాకు రాదు. మీ ఆయన శివరామకృష్ణ చేస్తున్న ఉద్యోగం నాది. గది తలుపు వేసుకొని "మీటింగ్ ఉంది, టీవీ సౌండు తగ్గించు" అంటాడు చూడు, ఆ మీటింగులో మాట్లాడేది ఇక్కడ వలల గదిలో కూర్చున్న నేను. కెమెరా ఆపేసి, నాలుక వంచి, మన యాస దాచుకొని, "నేను శివరామకృష్ణని" అంటాను. యాప్ రాసేది నేను. తప్పొస్తే దిద్దేది నేను. మెచ్చుకోలు మాత్రం బావకి.

ఉద్యోగం వచ్చిన కొత్తలో "ఒరే మోహనూ, రెండ్రోజులు సాయం పట్టరా, అర్థమయ్యేదాకా" అన్నాడు. ఆయనకి ఇంకా అర్థం కాలేదు.

ఎందుకు ఒప్పుకున్నానంటావా? ఇంటర్‌తో నా చదువు ఆగింది. పగిలిన ఫోనులో వీడియోలు చూసి పని నేర్చుకున్నాను. నేర్చుకున్నాక నా పేరుతో ఎన్ని కంపెనీలకి దరఖాస్తు పెట్టుకున్నానో! ప్రతిచోటా డిగ్రీ అని ఒక గడి ఉంటుంది. అది నింపకపోతే కింద పంపే మీట వెలగదు. ఆ మీటని ఆర్పి ఉంచడానికి ఒక్క లైను కోడు చాలు. అది రాసినవాడి చెయ్యి పడిపోవాలని తిట్టుకున్నాను. తర్వాత బావ ఉద్యోగంలో అలాంటి లైన్లు నేనే రాశాను.

ఇంటి నుంచి పని అంటే ముఖం చూడరు, చేసిన పని చూస్తారు అని మురిసిపోయాను. కెమెరా ఆపితే పేట కనపడదు, చదువు కనపడదు. నిజమే. మనిషి కూడా కనపడడని తర్వాత తెలిసింది.

మందుల షాపులకి సరుకు చేర్చే యాప్ మాది. సిగ్నల్ లేకపోయినా ఆర్డరు తీసుకొని, సిగ్నల్ దొరకగానే పంపేస్తుంది. ఆ ఆలోచన నాది. నాన్నతో వేటకి వెళ్లినప్పుడు ఒడ్డు కనుమరుగయ్యాక ఫోను చచ్చిపోవడం చూసినవాడికి తప్ప అది తట్టదు. దాని మీదే ఇప్పుడు కంపెనీ నడుస్తోంది. మా టీమ్ లీడ్ ఫెబా గారు "శివరామకృష్ణా, ఇది మీకెలా తట్టింది?" అని అడిగితే నోటి దాకా వచ్చింది పేట పేరు. మింగేశాను.

ఒక్కటి మాత్రం మింగలేకపోయాను. కొత్త యాప్ తయారై తెర మీదికి రావడానికి కాసేపు పడుతుంది కదా. ఒకసారి అందరూ ఎదురుచూస్తుంటే నోరు జారి "వల లాగుతన్నాం, ఆగండి" అన్నాను. నవ్వారు. ఇప్పుడు టీమంతా అదే అంటున్నారు. ఆ కంపెనీలో నాదంటూ తెలిసేది ఆ ఒక్క మాటే.

సోమవారం రుషికొండ కొత్త ఆఫీసుకి అందరినీ రమ్మన్నారు, మొదటిసారి ముఖాముఖి. బావ పథకం ఏంటో తెలుసా? చెవిలో ఇయర్‌ఫోను, మెడకి మఫ్లరు, "గొంతు పోయింది" అనే అబద్ధం. నేను కింద టీ కొట్టు దగ్గర కూర్చొని ఫోనులో చెబుతుంటే ఆయన బొంగురుగా వల్లించాలట.

నేను ఆ ఫోను ఎత్తను. అందరి ముందూ మునగనీ. చెప్పి మరీ చేస్తున్నాను.

నీ తమ్ముడు,
గరికిన మోహన్


పెద జాలారిపేట,
మంగళవారం

అక్కా,

గాలికి పడవలు కదల్లేదు, అమ్మ గంప ఎత్తలేదు. మొదటి ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది. రెండూ కలిపి పంపుతున్నాను.

ఫోను ఎత్తాను. ఆదివారం నువ్వు ఫోను చేసి "తమ్ముడా, మీ బావకి కొత్త సొక్కా కొన్నాను. కాన్పు కర్సు కూడా కంపెనీ బీమాలోనే వత్తాదంట. నాకింకేటి బెంగ?" అన్నావు. ఆ తర్వాత ఎలా ఎత్తకుండా ఉంటాను?

నాగబాబు టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. పైన పెద్ద తెర మీద యాప్ చూపించమన్నారు. బావ మీట నొక్కాడు. తయారవుతోంది, ఇంకా రావడం లేదు. ఆయన ఊపిరి నా చెవిలో ఎగబోస్తోంది.

"కంగారు పడకు బావా. వల లాగుతన్నాం అను" అన్నాను.

వెనక "అన్నా, రెండు టీ" అన్న గొంతు మధ్యలో ఆగిపోయింది. తిరిగి చూడకుండానే తెలిసిపోయింది, ఫెబా గారు. రెండేళ్లుగా రోజూ విన్న గొంతు. ముఖం చూడటం అదే మొదలు. ఆలస్యమై, కారు డ్రైవరుకి టీ ఇప్పించడానికి ఆగిందట.

"శివరామకృష్ణా?" అంది.

అక్కా, రెండేళ్లు ఆ ఒక్క క్షణం కోసమే కదా పళ్లు నూరుకున్నాను. "ఆ గొంతు నాదే, పేరు మాత్రం మోహన్" అంటే చాలు. నాకు నీ కడుపు కళ్ల ముందు కనిపించింది.

"కాదు మేడమ్" అన్నాను.

"ఏదీ, ఇంకో మాట మాట్లాడండి."

"నాకేటి తెలుసు మేడమ్? నాను సేపలోళ్ల గుంటడిని. పడవ కాడున్నోడితో మాటాడతన్నాను."

"వల లాగుతన్నాం అని మా టీములో ఒకాయన అంటాడు."

"పేటలో అందరూ అంతారు మేడమ్. ఆయన ఈడ నేర్సుకున్నాడేమో."

నా చేతిలోని ఫోను కేసి చూసింది. "ఆ రెండో టీ ఈయనకివ్వన్నా" అని నాగబాబుకి చెప్పి మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ టీ తాగలేదు. ఫోను పిడికిట్లో నొక్కుకుంటూ ఇసకలోకి నడిచాను. మోగుతుందేమోనని, తెర కూడా చూడకుండా ఆపేశాను, ఇప్పటిదాకా మళ్లీ వెయ్యలేదు.

బావని తిట్టాను, కంపెనీని తిట్టాను, ఆ గడి పెట్టినవాణ్ణి తిట్టాను. తీరా నా పేరు దాచింది వాళ్లెవరూ కాదు, నేనే. ఇంక ఎవడి మీద అరవను? బావ రమ్మంటే వస్తాను, చెయ్యమంటే చేస్తాను. చదివి ఈ రెండూ పొయ్యిలో పెట్టు.

నీ తమ్ముడు


కూర్మన్నపాలెం,
గురువారం

గరికిన మోహన్‌కి,

సంతకం ఎగ్గొట్టావు కాబట్టి పేరు నేనే రాస్తున్నాను.

నీ ఉత్తరాలు అమ్మ నిన్న తెచ్చింది. పొయ్యిలో పెట్టలేదు. అందులో ఉన్నది సోమవారం సాయంత్రమే మీ బావ నాకు చెప్పాడు. గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా చెప్పాడు. నీకు తెలియనిది ఇప్పుడు నేను చెబుతాను.

ఫెబా గారు నిన్ను పలకరించినప్పుడు నువ్వు ఫోను కట్ చెయ్యలేదురా. ఆమె అడిగినదీ, నువ్వన్నదీ, మొత్తం ఆయన చెవిలో పడింది. ఎదురుగా పదిమంది తెర కేసి చూస్తున్నారు. "నాను సేపలోళ్ల గుంటడిని, నాకేటి తెలుసు" అన్న మాట కూడా విన్నాడు. ఆమె మెట్లెక్కి లోపలికి వచ్చేసరికి ఇయర్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడట. "ఈ పని నాది కాదండీ. మా బామ్మర్ది గరికిన మోహన్‌ది. కింద టీ కొట్టు దగ్గరున్నాడు" అన్నాడట.

ఆయన మంచివాడని రాయడం లేదు. రెండేళ్లు నీ కష్టం తిన్నాడు, అది తెలియక నేనూ తిన్నాను. ఆ కొత్త చొక్కా ఇంట్లో ఎవరూ ముట్టుకోవడం లేదు.

ఉద్యోగం పోయింది. కంప్యూటరు పట్టుకుపోయారు. మీ ఇద్దరి పేర్లూ ఇంకెప్పుడూ పనిలోకి తీసుకోకూడనివాళ్ల జాబితాలో వేశారు. ఫెబా గారు నీ కోసం పోట్లాడింది. ఏ డిగ్రీ ఉందని తీసుకోమంటారు అన్నారట పైవాళ్లు. నీ గడి దగ్గరికే వచ్చి ఆగింది. మీ బావ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనికి వెళుతున్నాడు. నా కాన్పు ఇక సర్కారు పెద్దాసుపత్రిలోనే. ఊళ్లో సగంమంది అక్కడే పుట్టారు, నా బిడ్డకేం వచ్చింది?

నాకు కోపం ఒక్కచోటే ఉంది. నా కడుపు చూసి కాదన్నానని రాశావు. నేనడిగానా? ఇన్నాళ్లూ అందరి మీదా అరిచావు. అరవాల్సిన చోట నన్ను అడ్డం పెట్టుకున్నావు.

ఇంకో మాట. చెప్పకూడదనుకున్నాను, కానీ దాచడం ఈ ఇంట్లో ఇక చాలు. మీ బావ నీ పేరు చెప్పగానే ఆ గదిలోవాళ్లు ఆయన్ని తిట్టలేదట. లేచారట. నిన్ను చూడాలని అందరూ మెట్లు దిగి వచ్చారు. ఫోను చేస్తే ఆపేసి ఉంది. టీ కొట్టు దగ్గర నువ్వు లేవు. చల్లారిపోయిన టీ గ్లాసొకటి చూపించి, "ఆ గుంటడు సముద్రం ఏపు ఎలిపోనాడు" అన్నాడట నాగబాబు.

కాసేపు అక్కడే నిలబడి మళ్లీ పైకి వెళ్లిపోయారు.

నీ అక్క,
అనూరాధ