దక్షిణ అఖాతం సగటు

మే 6, సోమవారం

28.9. మళ్ళీ దాటింది.

ఉపగ్రహం పంపే పటాల నుంచి మా సముద్రం పైనీటి వేడి లెక్కకట్టి, ప్రతి సోమవారం మత్స్యశాఖకి మెయిల్ చెయ్యడం నా ఉద్యోగం. సముద్రమంటే నాలుగు వైపులా నేలే ఉన్న సముద్రం. ఎవరైనా పెద్ద చెరువంటే మా పెద్దాయనకి, అంటే మా డైరెక్టర్‌కి, ఒళ్ళు మండుతుంది. దక్షిణ అఖాతంలో సగటు 28 డిగ్రీలు దాటితే చేపలు గుడ్లు పెట్టలేవని అక్కడ వేట ఆపేస్తారు. వరసగా ఇది మూడో వేసవి.

మెయిల్ పంపేసి, టీ తాగి, నాలుగంతస్తులు ఎక్కే ఓపిక లేక లిఫ్ట్ కోసం నిలబడ్డాను. అన్నయ్య పడవ ఆ అఖాతంలోదే.

మే 9

వదిన ఫోన్. నెలాఖరులోగా అఖాతం తెరవకపోతే అన్నయ్య పడవ అమ్మేస్తాడట. కొనేవాడు వచ్చి చూసి వెళ్ళాడట కూడా. అన్నయ్య పక్కనే ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడంది. ఒకసారి ఇమ్మన్నాను. తీసుకోలేదు.

కిందటేడు వాడే వచ్చి అడిగాడు, ఒక్క డిగ్రీ తగ్గించి పంపితే నీ సొమ్మేం పోయిందని. కుదరదన్నాను. సరే, నీ సముద్రం నువ్వే దాచుకో అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నించి మాటల్లేవు. నేను చేసింది రైటే. రైటే అయినా అన్నం సహించని రోజులుంటాయి.

మే 13, సోమవారం

29.2. పంపాను.

మే 15

మబ్బులాయన సెలవు. పటాల్లో మబ్బులు పట్టిన చోట్లు ఏరి పారెయ్యడం ఆయన పని, అందుకే ఆ పేరు. ఆయన చాకిరీ కూడా నా నెత్తినే పడింది. రాత్రిపూట తీసిన పటాలు ఆలస్యంగా వస్తాయని సోమవారం లెక్కలో వేసుకోం. ఎవరూ తెరిచి చూసిన పాపాన పోరు. ఇవాళ ఏదో తెరవబోయి అవి తెరిచాను.

అఖాతం దక్షిణపు అంచున పగలు 41. రాత్రి 13.

నీళ్ళు అంత త్వరగా చల్లారవు.

అదే రోజు, మధ్యాహ్నం 3:40

టిఫిన్ బాక్స్ మూత కూడా తియ్యలేదు.

అది నీరు కాదు. నేల. ఎండకి కాలిపోతున్న బురదనేల. ఎక్కడ నీరు, ఎక్కడ నేల అని కంప్యూటర్‌కి చెప్పే పటం ఒకటుంటుంది, మాస్క్ అంటాం. మాది నేను ఉద్యోగంలో చేరకముందు ఎవరో మహానుభావుడు గీసింది. ఒడ్డు అప్పటిది. సముద్రం ఏటేటా వెనక్కి పోతోందని మాకు తెలియదా? నిక్షేపంగా తెలుసు. దాని మీద పేపర్లు రాశాం, కాన్ఫరెన్సుల్లో చప్పట్లు కొట్టించుకున్నాం. మాస్క్ మార్చాలని మాత్రం ఒక్కళ్ళకీ తట్టలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళం కలిసి చేస్తే తప్ప కుదరని తప్పు ఇది.

ఎండిన నేలని తీసేసి మళ్ళీ లెక్క వేశాను. 26.3.

మూడు వేసవులు అన్నయ్యని ఒడ్డున కూర్చోబెట్టింది బురద వేడి.

మే 16

పెద్దాయన గది దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. ఒకసారి కాదు. ఇప్పుడు తగ్గిస్తే అన్న కోసం తగ్గించిందనే అంటారు. అంటే అననీ, కానీ అన్నయ్య కూడా అదే అనుకుంటాడు కదా. అడిగినప్పుడు బెట్టు చేసి, పడవ పోతోందంటే దిగొచ్చిందని. అసలు ఇన్నేళ్ళు కనపడని తప్పు వదిన ఫోన్ చేశాకే ఎందుకు కనపడింది? నామీద నాకే అనుమానంగా ఉంది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. పడవ మాత్రం పోతుంది.

మే 17

చెప్పాను. అన్నయ్య సంగతి కూడా నేనే ముందు చెప్పాను. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పడవ బేరం కుదిరిందా అని అడిగారు. అంటే అన్నీ తెలుసన్నమాట. ఇక ఈ లెక్క నన్ను ముట్టుకోవద్దన్నారు. మబ్బులాయన వచ్చాక కొత్త మాస్క్ ఆయనే గీస్తాడట, సగటు కూడా ఆయనే కడతాడట. సాయంత్రానికి నా పాస్‌వర్డ్ ఆపేశారు.

కోపం రావాలి. దానికీ ఓపిక ఉండాలిగా.

మే 20, సోమవారం

పంపడానికి నా దగ్గర ఏమీ లేదు.

మే 23

వదిన రెండుసార్లు చేసింది. ఎత్తలేదు. ఎత్తితే నోరు జారతాను.

మే 27, సోమవారం

మబ్బులాయన లెక్క 26.5. నాదానికీ తనదానికీ తేడా పిసరంతేనని కారిడార్లో అందరికీ వినపడేలా చెప్పాడు, మంచాయన. ఒడ్డు చూపించే పటాలు ఈ ఏడాదివి ఉపగ్రహం వాళ్ళు ఇంకా సరిచేసి ఇవ్వలేదని, కిందటేడు వేసవి పటం చూసి కొత్త మాస్క్ గీశాడట. దొరికినంతలో అదే కొత్తది మరి.

మూడింటికి మత్స్యశాఖ అఖాతం తెరిచింది. గడిచిపోయిన వేసవుల గురించి ఎవరూ నోరెత్తలేదు. అందరం శుభ్రంగా చేతులు దులుపుకున్నాం. వదినకి మెసేజ్ పెట్టాను. చూసింది. పడవ అమ్మలేదని మబ్బులాయన ఎవరినో కనుక్కుని చెప్పాడు. ఇంటికొచ్చి లైటు కూడా వెయ్యకుండా పడుకున్నాను.

మే 29, ఉదయం 7:10

అన్నయ్య ఫోన్. ఇంజిన్ చప్పుడు వినపడలేదు.

“చెల్లీ, నేను పడవలో లేను. దిగి లాగుతున్నా. మోకాళ్ళ దాకా కూడా లేవు నీళ్ళు. ఇటు రాక మూడేళ్ళయిందిగా, నీరు ఇంత వెనక్కి పోయిందనుకోలేదు.”

ఎక్కడున్నావన్నాను. చెప్పాడు. పటం తీసి చూశాను. కొత్త మాస్క్‌లో, అంటే కిందటేటి ఒడ్డు ప్రకారం, అది నడి అఖాతం.

నీళ్ళు ఎలా ఉన్నాయని అడిగాను. వెచ్చగా ఉన్నాయన్నాడు. ఫోన్ ఎవరమూ పెట్టెయ్యలేదు. పడవ అడుగు నేలకి రాసుకుంటున్న చప్పుడు వింటూ కూర్చున్నాను.