నీ చెయ్యి అందినంత మేర నీలం

సుగుణా,

పెన్‌పహాడ్‌లో మన ఇంటికి వెనుక రెండు గదులు కలుపుతున్నారు. మనవళ్లు పెద్దవాళ్లయ్యారు, చోటు చాలడం లేదు. ముందున్న పెంకుటింటిని మాత్రం కూల్చవద్దని మన శ్రీనుతో పోట్లాడాను. దూలాలు, దర్వాజలు ఉన్నవి ఉన్నట్టే ఉంచి బాగుచేయిస్తున్నాడు.

నిన్న మేస్త్రీ నడిమింటి గోడకు పైరంగు గీకితే కింద నీలం బయటపడింది. నువ్వు కన్నుమూసిన ఏడాది, దసరా ముందు, సున్నంలో నీలిమందు కలిపి నువ్వే వేసిన రంగు.

"ఇదేంది పటేలా, సగం దాకనే ఏసి ఇడిసిపెట్టిన్రు?" అన్నాడు మేస్త్రీ.

"మా ఆమె ఏసింది. చెయ్యి అందినకాడికి."

"మరి పైన?"

పైన నేను వేస్తానన్నాను. రోజూ రేపన్నాను. నువ్వు అడిగి అడిగి ఊరుకున్నావు. పండుగ రాకముందే దవాఖానకు వెళ్లావు, మళ్లీ రాలేదు.

ఈ పొద్దున నిచ్చెన నేనే వేసుకున్నాను.

"బాపూ, పడ్తవ్! మేస్త్రీ ఏస్తడు, జర దిగు" అని శ్రీను కింద నుంచి ఒకటే మొత్తుకున్నాడు. దిగలేదు. అంతకుముందే సున్నంలో నీలం నాలుగుసార్లు కలిపి చూశాను. ఒకసారి ముదురైంది, ఒకసారి వెలిసినట్టైంది. నీ రంగు రాలేదు. వచ్చినదానితోనే దూలం దాకా వేశాను.

గోడంతా ఒకే రంగు వేయిద్దామంటాడు శ్రీను. వద్దన్నాను.

సాయంత్రానికి గోడ ఆరింది. నీ చెయ్యి ఎక్కడ ఆగిపోయిందో ఇంకా తెలుస్తూనే ఉంది.