పట్టణ పరిధికి అవతల

మార్చి 4

నోటిఫికేషన్ వచ్చేసింది. పట్టణ పరిధిలో కాలువ ఒడ్డున ఉన్న అద్దకం షెడ్లన్నీ మూసేయాలి. డ్రాఫ్ట్ నాది. ఒక్క కామా కూడా మార్చలేదని పెద్దసారు భుజం తట్టారు. ఇక కాలువలో మళ్ళీ నీళ్ళే పారతాయి, రంగు కాదు.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. అక్క పని చేసేది ఆ షెడ్లలోనే. అనుకున్నదేగా అంది. కొత్త పని దొరికేదాకా భత్యం ఇస్తాం, సెక్షన్ తొమ్మిదిలో రాశానన్నాను. నీ సెక్షన్ తొమ్మిదిని అన్నంలో కలుపుకోవచ్చురా అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మార్చి 19

సెక్షన్ తొమ్మిది ఆర్థికశాఖలో ఆగిపోయింది. మూసివేత మాత్రం ఆగలేదు.

ఏప్రిల్ 11

కాలువ అడుగున రాళ్ళు కనబడుతున్నాయి. జనం వంతెన మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను షెడ్ల వీధిలోకి నడిచాను. అన్నిటికీ తాళాలు. తలుపు సందులోంచి చూస్తే ఎండిపోయిన తొట్టెలు, గోడ మీద నీలపు చేతిముద్రలు. లోపల ఎక్కడో రంగు డ్రమ్ము తిరుగుతున్న చప్పుడు. చెవి ఆనించాను. ఆగింది. రెండడుగులు వేశాను. మళ్ళీ మొదలైంది.

కరెంటు కోసింది మేమే.

ఏప్రిల్ 12

ఆఫీసులోనూ అదే చప్పుడు. ఫ్యాన్ అనుకున్నాను. ఫ్యాన్ ఆపి చూశాను.

మే 2

అక్క చేతుల రంగు పోతోంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మణికట్టు దాకా నీలమే. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ చేతులే. ఇప్పుడు పాలిపోయి, నానిపోయినట్టు, ఎవరివో తెచ్చి అక్కకు అతికించినట్టున్నాయి. కంచం అందిస్తుంటే ఉలిక్కిపడ్డాను. అక్క గమనించింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

మే 20

అక్కకు పని దొరికింది. ఏదో గోడౌన్లో ప్యాకింగ్ అట. తెల్లారకముందే వ్యాను వస్తుంది. ఎక్కడంటే మాత్రం మాట దాటేస్తోంది.

జూన్ 9

అక్క చెవి వెనక ఎర్రటి మరక. అడిగేశాను. రంగు ప్యాకెట్లు కూడా సర్దుతాం, చిరిగుంటుందిలే అంది. అక్కకు అబద్ధం ఆడటం చేతకాదు. ఆడేసి, నమ్మాడా లేదా అని నా మొహం చూస్తుంది.

జూన్ 10

సెలవు పెట్టి, వ్యాను వెనకే బైకు మీద వెళ్ళాను. పట్టణం దాటి, కాలువ వెంట ఎగువకి. గుట్ట కింద పాత ఇటుక షెడ్లు. అవే తొట్టెలు, అవే డ్రమ్ములు. చప్పుడు ఇక్కడ నిజంగానే ఉంది.

షెడ్ల యజమాని దాక్కోలేదు. కుర్చీ వేయించాడు. మీ కాగితం రెండుసార్లు చదివానండీ, పట్టణ పరిధి అన్నారు, పరిధి దాటే వచ్చాం, చాలా బాగా రాశారన్నాడు. వెటకారం కాదు. నిజంగానే మెచ్చుకున్నాడు. అందుకే ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను.

అక్క బయటికొచ్చింది. మోచేతుల దాకా ఎరుపు. వెనక, కాలువలో కలిసే వాగు కూడా అదే ఎరుపు. వాగు దిగువన పల్లె. ఒకావిడ అక్కడే పసిపిల్లకు నీళ్ళు పోస్తోంది. పిల్ల వీపంతా పుండ్లు.

రోజూ చూస్తూనే ఉన్నానురా అంది అక్క. మధ్యాహ్నం కాసేపు నేనే ఎత్తుకుంటాను, ఎంత ఏడుస్తున్నా నా దగ్గర ఊరుకుంటుంది అంది. ఇంకేం చేయమంటావో నువ్వే చెప్పు అంది.

పిల్ల ఫోటో తీసుకుని వచ్చేశాను.

జూన్ 14

సవరణ రాశాను. పరిధి అంటే పట్టణం కాదు, ఆ కాలువలోకి నీరు చేరే నేలంతా. ముందు షెడ్లన్నిటికీ కలిపి ఒక శుద్ధి ప్లాంటు. అది నడిచేదాకా పనివాళ్ళకు జీతం. తాళం ఆ తర్వాతే.

అక్కకు చదివి వినిపించాను. శ్రద్ధగా విని, వరస మార్చనని మాటివ్వరా అంది. ప్లాంటు ముందు, తాళం తర్వాత. ఇచ్చాను.

జూలై 3

మీటింగ్. పరిధి పెంచడం భేష్, ప్లాంటు సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నారు పెద్దసారు. అలాగైతే సవరణ మొత్తం వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన కోప్పడలేదు. ఫైల్లోంచి నేను జతచేసిన ఫోటో తీసి నా ముందు పెట్టారు. మరి ఈ పిల్ల కూడా వచ్చే ఏడాది దాకా ఆగుతుందా అన్నారు.

ఫోటోను తిరిగి ఫైల్లో పెట్టాను.

సంతకం పెట్టాను.

జూలై 4

అక్కకు చెప్పలేదు.

జూలై 18

గుట్ట కింద షెడ్లకు తాళాలు పడ్డాయి. అక్క మధ్యాహ్నానికే ఇల్లు చేరింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. మంచం మీద కూర్చుని, తప్పు చేశావని ఎలా అంటానురా, ఆ పిల్ల వీపు నిమిరినదాన్ని అంది. మాట మాత్రం తప్పావు అంది.

తర్వాత అన్నం వడ్డించింది. తినకపోతే ఊరుకోదు కాబట్టి తిన్నాను.

ఆగస్టు 1

ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్క లేదు. పక్కింటి పిన్నికి చెప్పి వెళ్ళిందట. యజమాని గుట్టకు అవతల, ఈ కాలువలోకి నీరు చేరని చోటు చూశాడట. నన్ను వెతుక్కుంటూ రావద్దని తమ్ముడితో చెప్పు పిన్నీ, వాడు ఎక్కడ కాలు పెడితే అక్కడ తాళం పడుతుంది అందట. నవ్వుతూనే అందట. పిన్నికి అది జోకులాగే వినబడింది.

ఆగస్టు 9

వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. అక్కా అని పిలుస్తూ వెళ్ళాను. సింకు పొడిగా ఉంది.

ఆగస్టు 30

ప్లాంటు ఫైలు మళ్ళీ పంపాను. తిరిగొచ్చింది. మళ్ళీ పంపాను.

అక్టోబర్ 21

ఆ పల్లె ఆవిడ ఆఫీసుకొచ్చింది, పిల్లను చంకనేసుకుని. వీపు చూపించింది. నున్నగా ఉంది. సీసాలో వాగు నీళ్ళు తెచ్చింది. తాగాను. తియ్యగా ఉన్నాయి.

మా పిల్లను ఎత్తుకునే అక్క, అచ్చం మీ పోలికే, ఎక్కడుందో తెలుసా సారూ అని అడిగింది. తెలీదన్నాను.

పిల్ల నా మొహాన్నే చాలాసేపు చూసింది. తర్వాత నవ్వి, రెండు చేతులూ చాపింది.