కీర్తికి తీసుకెళ్ళిన చేపల పులుసు

శనివారం

చిట్టీ, నువ్వు పోయి మూడు నెలలైంది. నీకు జ్వరం ముదిరిన రాత్రి నాకు ఫోన్ చెయ్యని నీ రూమ్మేట్ కీర్తిని క్షమించే మనసివ్వమని ప్రభువును రోజూ అడుగుతున్నాను. ఆ మనసు రాలేదు. పొద్దున మోకాళ్ళ మీద ఉండగా నీ చిన్నతనం గుర్తొచ్చింది. పక్కింటి పాపను కొరికి, సారీ చెప్పమంటే చేతులు కట్టుకు నిలబడ్డావు.

"యేసయ్య నా మనసు మార్చాక చెప్తా!"

"ముందు నువ్వు నడువు. ఆయన దారిలో మారుస్తాడు," అని నేనే నిన్ను గుమ్మం దాటించాను. ఎంత మూతి ముడుచుకున్నావో!

అందుకే చేపల పులుసు వండి, గ్రేటర్ నోయిడా నుంచి రెండు బస్సులు మారి ఢిల్లీలోని మునిర్కా వెళ్ళాను. మీ గది మెట్లెక్కేటప్పుడు కూడా కోపమే.

"తిట్టడానికొచ్చారా ఆంటీ?" అంది కీర్తి.

"కంచం తియ్యి."

"ఆ రాత్రి నిద్రపోతోందనుకున్నా ఆంటీ..."

కడుపు మండిపోయింది. అయినా అన్నం వడ్డించాను. అది ఏడుస్తూనే తింది. ముళ్ళు తీసి పెట్టాను.

నా మనసు పూర్తిగా మారలేదే చిట్టీ. వచ్చే శనివారం మళ్ళీ వెళ్తాను. నువ్వు ప్రభువు దగ్గర కడుపునిండా తిను, తల్లీ.