దుప్పట్ల గది తలుపు

ప్రియమైన లజ్హర్‌కు,

మీ వసీలా సలాములు. దేవుడి దయవల్ల నేనూ, మన అమ్మాయి రీమూ బాగున్నాం. స్ఫాక్స్ ఊళ్లో నూనె మిల్లులో మీ ఒంటికి ఏ ఇబ్బందీ లేదనే అనుకుంటున్నాను.

నేను పనిచేసే హోటల్ నిజంగానే తెరిచారా అని అడిగారు. తెరిచారు. అక్కడ అతిథుల మీద కాల్పులు జరిగిన మూడేళ్లకు, నూట ఇరవై గదుల్లో తొమ్మిదింటికి మనుషులొచ్చారు. మిగతావాటికి చెమ్మ పట్టకుండా రోజూ కిటికీలు తీసి, దుప్పట్లు మారుస్తున్నాను. ఖాళీ గదుల్లో తెల్లటి తెరలు పొంగుతుంటే సముద్రమే మెట్లెక్కి వచ్చినట్టుంటుంది. నిద్రలో నడుస్తున్నానేమో అనిపిస్తుంది. గేటు దగ్గర బాంబులున్నాయేమోనని కార్ల కింద అద్దాలు పెట్టి వెతుకుతున్నారు.

"అతిథులకన్నా కాపలావాళ్లే ఎక్కువయ్యారు వసీలా! గదులు వాళ్లకే అద్దెకిచ్చేద్దామా?" అంటాడు మేనేజరు మొన్‌సెఫ్.

ఇంటికొచ్చినప్పుడు చూశారు కాబోలు, రాత్రిళ్లు ఎందుకు ఉలిక్కిపడుతున్నానని కూడా అడిగారు. కాల్పుల రోజు దుప్పట్ల గదిలో గడియ వేసుకుని ఒక్కదాన్నే దాక్కున్నానని, అటు ఎవరూ రాలేదని మీకు చెప్పాను. అది అబద్ధం. ఒక ఆడమనిషి తలుపు బాదింది. ఏడ్చింది. నా చెయ్యి గడియ దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. కాసేపటికి ఆ గొంతు ఆగిపోయింది. చనిపోయిందనే అనుకున్నాను, లజ్హర్.

మొన్న మంగళవారం మధ్యాహ్నం బిర్గిట్ అనే జర్మన్ ఆవిడ కింద నేనున్న దుప్పట్ల గదికి దిగి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"ఆ రోజు దీన్నే కొట్టాను. తెరుచుకోలేదు. మెట్ల కింద చెత్త డబ్బాల వెనక దాక్కున్నాను. లోపల ఎవరూ లేరేమో కదూ?"

అవునంటే సరిపోయేది. ఇన్నేళ్లు అతిథుల దగ్గర నేర్చుకున్న ముక్కల జర్మన్‌లోనే చెప్పాను: "ఉన్నాను. నేనే ఉన్నాను."

 ఆవిడ లోపలికి వచ్చి దుప్పట్ల మూట మీద కూర్చుంది.

"తలుపు వెయ్యి. గడియ కూడా పెట్టు."

పెట్టాను. పక్కన కూర్చున్నాను. ఇస్త్రీ వాసన, దూరంగా అలల చప్పుడు.

"లోపల్నుంచి చూస్తే ఎంత పల్చటి తలుపు!" అంది చివరికి.

క్షమించానని ఆవిడ అనలేదు, నేనూ అడగలేదు. లేచి వెళ్తూ గడియ తనే తీసింది.

ఇన్నాళ్లూ మీ దగ్గర దాచినందుకు కోపం వస్తే రానివ్వండి. కానీ జవాబు మాత్రం రాయండి.

ఇట్లు,
మీ ఉత్తరం కోసం గుమ్మం వైపే చూసే
మీ భార్య,
వసీలా