తమ్ముడికి ఏమీ రాయలేదు

నవలలు రాసి బతికిన నేను, రేపు గుండెకు ఆపరేషన్ ఉన్న కారణంగా, పూర్తి స్పృహతో, స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. పొద్దుటి నుంచి రాస్తూ చింపుతూనే ఉన్నాను. కాలు ఒకచోట నిలవడం లేదు.

1. ఈ మేడమీది వాటా, సామానుతో సహా, మా అమ్మాయికి. బాల్కనీలోని బట్టల దండెం, క్లిప్పులు కూడా తనకే. అధ్యాయాలన్నీ వాటికి వరసగా తగిలించి అటూ ఇటూ తిరుగుతూ చదివేదాన్ని. తీసేసినా వెలితి తెలియని కాగితం మళ్ళీ దండెం ఎక్కకూడదు. నవల నడుమ సాగదీతకు నాకు తెలిసిన మందు అదే. తడి బట్టలకు చోటు లేదని తను సణిగేది. ఇప్పుడు తనూ రాస్తోంది, ఆరేసుకోనీ.

2. పుస్తకాల హక్కులు ప్రూఫులు దిద్దే ఆవిడకు. ఈ వీలునామా అమలు బాధ్యతా ఆవిడదే. ఒక నవల మొదట్లోనే నేను చంపేసిన మామగారు చివర్లో కాఫీ తాగుతుంటే, "ఈయన పోయాడు కదండీ, కప్పు ఎవరికిచ్చారు?" అని అడిగిన మనిషి.

3. ప్రచురణకర్తకు ఏమీ లేదు. కథ చిక్కుపడినప్పుడల్లా ఒక ప్రమాదం పెట్టేయమనేవాడు. అనుకోని సంఘటన మనుషుల్ని చిక్కులో పడేయొచ్చు గానీ బయటికి లాగకూడదని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

4. సగంలో ఆగిన నవల గురించి. అందులో అక్కాతమ్ముళ్ళు ఒకే ఇంట్లో పైనా కిందా ఉంటూ మాట్లాడుకోరు. ఒక్కరు నోరు విప్పితే అయిపోయే కథ నిలబడదని, విప్పకపోవడానికి గట్టి కారణం కావాలని ప్రూఫుల ఆవిడ పట్టు. కింది వాటాలో మా తమ్ముణ్ణి పెట్టుకుని కూడా నాకది దొరకలేదు. పోయిన నవల ఆవిష్కరణ సభలో వాడు అందరి ముందూ "మధ్యలో కునుకు పట్టేసిందక్కా" అన్నాడు. అప్పటి నుంచి మాటల్లేవు. వాడన్నది నిజం, అందుకే కోపం చల్లారలేదు.

5. ఆ రాతప్రతి తమ్ముడికని రాసి కొట్టేశాను. వాడికి ఏమీ ఇవ్వడం లేదు. నన్ను ఆడిపోసుకోకండి. వాటా అందుకునేవాడు సాక్షిగా ఉండకూడదన్నాడు వకీలు. నాకు వాడు సాక్షిగా కావాలి. పాత్ర గదిలోకి రావాలంటే దానికో పని ఉండాలి. నేను పోయాక వాణ్ణి ఏడిపించి కథ ముగించడం చవకబారు పని. బతికుండగానే వాడు మెట్లెక్కాలి. రాకపోతే రెండో సాక్షి లేక ఈ కాగితం చెల్లదు. కబురు పంపాను. భయంగా ఉంది.

తేదీ: ఆపరేషన్‌కు ముందురోజు, మధ్యాహ్నం.

సంతకం: అక్క.

సాక్షులు:

1. పక్కింటి దర్జీ.

2. తమ్ముడు. కళ్ళజోడు మరిచి పరుగున వచ్చాడు. నాది పెట్టుకుని మొత్తం చదివాడు. "ఇందులో కునుకు పట్టలేదక్కా" అని సంతకం చేశాడు.